సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పేరు ఉంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏమవుతుంది? ముందే ఏం సరిచూసుకోవాలి?

ఆఫర్ లెటర్ వచ్చింది. జాయినింగ్ తేదీ కూడా ఇచ్చారు. ఇంట్లో, ఊళ్లో అందరికీ చెప్పేశారు. రెండు రోజుల తర్వాత మెయిల్‌కు ఒక లింకు వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కోసం వివరాలు నింపి, పత్రాలు అప్‌లోడ్ చేయమని అందులో ఉంటుంది.

ఫారం తెరవగానే కనిపించేవి మూడు గడులు: ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంది. ఆధార్‌లో ఇంటిపేరుకు బదులు పొడి అక్షరం ఉంది. పాన్ కార్డులో ఇంటిపేరు చివరకు వెళ్లింది. డిగ్రీ పట్టాలో 'రావు' విడిగా ఉంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ముందు పదంతో కలిసిపోయింది.

ఇవన్నీ మీ పేర్లే అని మీకు తెలుసు. కానీ ఎక్కడో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని మీ ఫైలు చూసే ఉద్యోగికి తెలియదు. ఆ వ్యక్తి ముందున్నవి అక్షరాలు, తేదీలు, నంబర్లు మాత్రమే. అవి కలిస్తే ఫైలు ముందుకు వెళ్తుంది. కలవకపోతే ఆగుతుంది. ఒక్కోసారి మీకు సంబంధం లేని వేరొకరి కేసు మీ ఫైలులోకి వచ్చి చేరే ప్రమాదమూ ఉంది.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నుంచి చదువుకుని బయటకు వెళ్లే పిల్లలకు ఈ సమస్య ఎందుకు ఎదురవుతుంది? దాన్ని ముందే ఎలా సరిచేసుకోవాలి? రిపోర్టు తప్పుగా వస్తే ఏం చేయాలి?

బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏమేం చూస్తారు?

ప్రైవేటు కంపెనీలు ఈ పనిని సాధారణంగా వేరే ఏజెన్సీకి అప్పగిస్తాయి. ఆ ఏజెన్సీ మీ అనుమతి తీసుకుని కొన్ని విషయాలను విడివిడిగా పరిశీలిస్తుంది.

మొదటిది గుర్తింపు: ఆధార్, పాన్, పాస్‌పోర్టు. రెండోది చదువు: మీ పట్టా అసలైనదేనా అని ఆచార్య నాగార్జున యూనివర్సిటీకో, జేఎన్‌టీయూ కాకినాడకో, మీరు చదివిన మరో సంస్థకో రాసి అడుగుతారు. మూడోది పాత ఉద్యోగాలు: రిలీవింగ్ లెటర్లు, ఈపీఎఫ్ యూఏఎన్ నంబరు కింద ఉన్న సర్వీసు వివరాలు. నాలుగోది చిరునామా. ఐదోది కోర్టు రికార్డులు. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల్లో ఉద్యోగమైతే క్రెడిట్ రిపోర్టు కూడా చూడొచ్చు.

వీటిలో చదువు, పాన్, పీఎఫ్ వంటి వాటికి ఒక నంబరు ఉంటుంది. హాల్‌టికెట్ నంబరు, పాన్ నంబరు, యూఏఎన్ ఉంటే మనిషిని పట్టుకోవడం సులువు. కోర్టు రికార్డుల దగ్గరే చిక్కు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబరు తెలియకపోతే కక్షిదారు పేరుతో వెతకాలి. అక్కడ మీ ఆధార్ నంబరుతో వెతికే వీలు లేదు. అంటే ఆ వెతుకులాట ప్రధానంగా పేరు మీదే నడుస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగాలకు, పాస్‌పోర్టుకు జరిగే పోలీసు వెరిఫికేషన్ వేరు. అక్కడ స్థానిక పోలీసులు రికార్డులు చూస్తారు, అవసరమైతే ఇంటికి వస్తారు, చుట్టుపక్కల విచారిస్తారు. ఇంటికి వచ్చిన కానిస్టేబుల్‌కు మీరెవరో చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్ వెతుకులాటలో ఆ అవకాశం ఉండదు.

మన దగ్గర ఇబ్బంది ఎందుకు ఎక్కువ?

మొదటి కారణం ఒకే పేరు చాలామందికి ఉండటం. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి మీద భక్తితో ఆ చుట్టుపక్కల ఎంతమంది కోటేశ్వరరావులు, కోటయ్యలు, కోటిరెడ్డిలు, కోటేశ్వరమ్మలు ఉన్నారో మీకు తెలిసిందే. మాచర్ల, మార్కాపురం వైపు చెన్నకేశవులు ఎక్కువ. గుంటూరు కాలే మస్తాన్ షా ఔలియా దర్గా పేరు మీద మస్తాన్ వలి, మస్తాన్‌రావు, మస్తానమ్మ అని మతంతో పని లేకుండా పెట్టుకున్నారు.

ఊళ్లో దీనివల్ల ఇబ్బంది లేదు. పెద్ద కోటయ్య, చిన్న కోటయ్య అంటారు. మిల్లు కోటేశ్వరరావు, మిరపకాయల కోటేశ్వరరావు అంటారు. 'ఫలానా వాళ్ల మూడో అబ్బాయి' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ గుర్తులేవీ సర్టిఫికెట్‌లో ఉండవు. ఇంటిపేరు కూడా పొడి అక్షరంగా మారితే, 'కె. కోటేశ్వరరావు' అనే పేరుతో ఒక్క జిల్లాలో ఎంతమంది తేలతారో ఊహించుకోండి.

రెండో కారణం ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. చాలా ఫారాలు దాన్ని చివర అడుగుతాయి. ఫారం నింపేది నెట్ సెంటర్ కుర్రాడైతే అతనికి తోచిన గడిలో పెడతాడు. పొడి అక్షరాల్లోనూ తిరకాసు ఉంది. 'చెరుకూరి'కి ఇంగ్లిష్‌లో 'సీహెచ్' అని రెండు అక్షరాలు రాస్తాం. షేక్ అయితే 'ఎస్‌కే', సయ్యద్ అయితే 'ఎస్‌డీ', మహమ్మద్ అయితే 'ఎండీ' అని రాయడం మనకు అలవాటు. కంప్యూటర్‌కు అది ఇంటిపేరుకు కుదింపు అని తెలియదు. 'ఎస్‌కే' వేరు, 'షేక్' వేరు.

మూడోది స్పెల్లింగ్. తెలుగులో 'లక్ష్మి' ఒకటే. ఇంగ్లిష్‌లో 'కేఎస్‌హెచ్' పెట్టి రాసేవారున్నారు, 'ఎక్స్' పెట్టి రాసేవారున్నారు. 'శ్రీ'ని ఒక 'ఐ'తో రాస్తారు, రెండు 'ఈ'లతో రాస్తారు. చౌదరికి, షేక్‌కు మూడు నాలుగు స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి. స్కూల్లో చేర్చిన రోజు రిజిస్టర్‌లో గుమాస్తా ఏది రాస్తే అదే పదో తరగతికి వచ్చింది. ఆధార్ తీసుకున్న రోజు ఆపరేటర్ ఏది టైపు చేస్తే అది కార్డులో పడింది.

నాలుగోది పెళ్లి తర్వాత ఆడపిల్లల ఇంటిపేరు. సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతో ఉంటాయి. రేషన్ కార్డు, ఆధార్, కొన్నిసార్లు బ్యాంకు ఖాతా అత్తింటి పేరుకు మారతాయి. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. ఉద్యోగం చేస్తున్నవారు, చేయాలనుకుంటున్నవారు మార్చే ముందు ఒకసారి ఆలోచించుకోవడం మంచిది. మార్చుకోవాలనుకుంటే అన్నింటిలోనూ మార్చుకోవాలి.

వీటికి తోడు చిరునామా. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటివరకు గుంటూరు జిల్లాలో ఉన్న నరసరావుపేట, చిలకలూరిపేట పల్నాడుకు వెళ్లాయి. ప్రకాశంలో ఉన్న చీరాల బాపట్లకు వెళ్లింది. మీ పాత పత్రంలో 'గుంటూరు జిల్లా' అని, కొత్త దాంట్లో 'పల్నాడు జిల్లా' అని ఉంటే అది తప్పు కాదు. కానీ పేరులోనూ తేడా ఉండి, జిల్లాలోనూ తేడా ఉంటే చూసేవారికి ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు.

పేరు తప్పితే జరిగే నష్టం రెండు రకాలు

మొదటిది, మీ రికార్డు మీకు దొరకకపోవడం. యూనివర్సిటీ రిజిస్టర్‌లో ఉన్న పేరు, మీరు ఫారంలో రాసిన పేరు ఒకటి కాకపోతే 'ధ్రువీకరించలేకపోయాం' అని సమాధానం వస్తుంది. నిజంగా చదివిన చదువు అనుమానాస్పదంగా మారుతుంది. పాత కంపెనీలో చేసిన రెండేళ్ల అనుభవం లెక్కలోకి రాదు. రిపోర్టులో దీన్ని 'డిస్క్రిపెన్సీ' అని రాస్తారు.

రెండోది మరింత ప్రమాదకరం. వేరొకరి రికార్డు మీకు అంటుకోవడం. అదే పేరున్న మరొకరి మీద చెక్ బౌన్స్ కేసో, కొట్లాట కేసో ఉంటే, పేరుతో వెతికినప్పుడు అదే తేలుతుంది. చూసేవారు తండ్రి పేరు, వయసు, చిరునామా కూడా పోల్చకపోతే అది మీ ఫైలులో పడుతుంది.

ఇలాంటిది అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సెర్జియో రమిరెజ్ అనే వ్యక్తి 2011లో భార్య, మామగారితో కలిసి కాలిఫోర్నియాలో కారు కొనడానికి వెళ్లారు. షోరూమ్ వాళ్లు క్రెడిట్ రిపోర్టు తీస్తే, ఆయన పేరు ప్రభుత్వ నిషేధిత జాబితాలో ఉన్న పేరుతో సరిపోలుతోందని వచ్చింది. ఉగ్రవాదులు, మాదకద్రవ్యాల వ్యాపారుల వంటి వారి జాబితా అది. కారు ఆయనకు అమ్మబోమన్నారు. చివరికి భార్య పేరు మీద కొనుక్కున్నారు. ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ సంస్థ పుట్టిన తేదీ వంటివేవీ చూడకుండా మొదటి పేరు, చివరి పేరు మాత్రమే పోల్చడం వల్ల ఇలా జరిగింది. అదే విధంగా ముద్ర పడినవారు మొత్తం 8,185 మంది ఉన్నారని కేసులో తేలింది. వారిలో తమ రిపోర్టు బయటి సంస్థలకు వెళ్లిన 1,853 మందికే పరిహారం కోరే అర్హత ఉందని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో చెప్పింది.

పేరు ఒక్కటే చూసి మనిషిని నిర్ణయించకూడదనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. మన కోటేశ్వరరావులకు, మస్తాన్ వలీలకు ఈ కథ దూరమైనదేమీ కాదు.

కంప్యూటర్ దగ్గరి స్పెల్లింగులను గుర్తుపట్టదా?

కొంతవరకు గుర్తుపడుతుంది. ఇందుకు చాలా పాత పద్ధతి ఒకటి ఉంది. పేరు సౌండెక్స్. 1918లోనే అమెరికాలో దీనికి పేటెంట్ వచ్చింది. పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, మిగతా హల్లులను అంకెలుగా మారుస్తుంది. లక్ష్మిని 'కేఎస్‌హెచ్'తో రాసినా, 'ఎక్స్'తో రాసినా సౌండెక్స్‌లో వచ్చేది 'ఎల్ 250' అనే ఒకే కోడ్. కాబట్టి రెండూ ఒకటేనని అది పట్టుకుంటుంది.

అదే 'ఈశ్వర్'ను ఒకచోట 'ఈ' అక్షరంతో, మరోచోట 'ఐ' అక్షరంతో మొదలుపెట్టి రాస్తే రెండు వేర్వేరు కోడ్‌లు వస్తాయి. మొదటి అక్షరం మారింది కదా. ఇంటిపేరు ముందు నుంచి చివరకు జరిగినా అంతే. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దీనికంటే తెలివైనవే. అయినా అవి చేసేది 'ఇంత శాతం కలిసింది' అని చెప్పడమే. ఆ శాతం తక్కువైతే మీ రికార్డు తప్పిపోతుంది. మరీ ఉదారంగా పెడితే పక్కవారి రికార్డు వచ్చి చేరుతుంది.

ఏ పత్రంలోని పేరును ఆధారంగా పెట్టుకోవాలి?

ఎక్కువమందికి పదో తరగతి సర్టిఫికెట్. ఎందుకంటే మార్చడానికి కష్టమైనది అదే. ఇంటర్, డిగ్రీ పత్రాల్లో పేరు దాన్నిబట్టే వస్తుంది. పుట్టిన తేదీకి కూడా చాలాచోట్ల దాన్నే అడుగుతారు. అందులో పేరు సరిగ్గా ఉంటే ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టులను దానికి తగ్గట్టు మార్చుకోండి. అక్షరం, ఖాళీ, వరుస అన్నీ అలాగే ఉండాలి.

పదో తరగతి సర్టిఫికెట్‌లోనే అచ్చు తప్పు ఉంటే? స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో సరిగ్గా ఉండి సర్టిఫికెట్‌లో తప్పు పడితే, ఆ రిజిస్టర్ నకలుతో ప్రధానోపాధ్యాయుడి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు చేయాలి. రిజిస్టర్‌లోనే తప్పు ఉంటే పని కష్టమవుతుంది.

ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గ తీర్పు ఒకటి ఉంది. జిగ్యా యాదవ్ వర్సెస్ సీబీఎస్‌ఈ కేసులో 2021 జూన్ 3న సుప్రీంకోర్టు, పేరు మనిషి గుర్తింపులో భాగమని, దాన్ని సరిచేయమని వచ్చేవారిని బోర్డు గంపగుత్తగా తిప్పిపంపకూడదని చెప్పింది. స్కూల్ రికార్డులు, ప్రభుత్వ పత్రాల ఆధారంతో దిద్దుబాటుకు, గెజిట్ వంటి లాంఛనాలు పూర్తిచేసి పేరు మార్పుకు దారి ఉండాలని పేర్కొంది. తీర్పు సీబీఎస్‌ఈ గురించే అయినా, ఇతర బోర్డుల దగ్గర చిక్కు వచ్చినవారు న్యాయవాదిని సంప్రదించేటప్పుడు దీన్ని ప్రస్తావించవచ్చు.

ఒక్కో పత్రాన్ని ఎక్కడ సరిచేసుకోవాలి?

ఆధార్: పేరు మార్పుకు జీవితంలో రెండుసార్లే అవకాశం ఉంటుంది. పుట్టిన తేదీకి ఒక్కసారే. కాబట్టి ఆపరేటర్ టైపు చేశాక తెర మీద ప్రతి అక్షరం చూసుకునే ఒప్పుకోండి. 2025 అక్టోబరు 1 నుంచి ఆధార్ కేంద్రంలో పేరు, చిరునామా వంటి వివరాల మార్పుకు రుసుము ₹75. ఇచ్చిన రసీదులోనూ స్పెల్లింగ్ చూడండి. సందేహాలకు హెల్ప్‌లైన్ నంబరు 1947.

పాన్: పేరు ఆధార్‌తో కలవకపోతే రెండింటి లింకు కుదరదు. లింకు కాని పాన్‌లు 2023 జులై 1 నుంచి పనిచేయడం ఆగిపోయాయి. అలాంటి పాన్‌తో ఉద్యోగంలో చేరితే జీతంలో టీడీఎస్ ఎక్కువ రేటుతో కోస్తారు. ముందు ఆధార్ సరిచేసుకుని, తర్వాత పాన్ దిద్దుబాటుకు దరఖాస్తు చేయండి.

పీఎఫ్: 2025 జనవరిలో నిబంధనలు సులువయ్యాయి. ఆధార్‌తో సరిపోల్చిన యూఏఎన్ 2017 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ వచ్చి ఉంటే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు వంటివి మీరే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. పాత కంపెనీ ఆమోదం కోసం తిరగక్కర్లేదు. అంతకుముందు వచ్చిన యూఏఎన్ అయితే యజమాని ద్వారా జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి.

పాస్‌పోర్టు: ఉన్నదాంట్లో దిద్దడం ఉండదు, రీ-ఇష్యూకు దరఖాస్తు చేయాలి.

'ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి' అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకోవడం చాలామందికి అలవాటు. అది వివరణగా పనికొస్తుంది. కంపెనీ హెచ్‌ఆర్ అంగీకరించవచ్చు కూడా. కానీ దానితో ఏ రికార్డూ మారదు. తర్వాతి ఉద్యోగంలో మళ్లీ అదే ప్రశ్న వస్తుంది.

మూడు గడుల ఫారం ఎలా నింపాలి?

ముందు ఫారంలో ఏం రాశారో చదవండి. 'ఆధార్‌లో ఉన్నట్టు' అని ఉంటే ఆధార్‌లో ఉన్నట్టే, 'పాన్‌లో ఉన్నట్టు' అని ఉంటే పాన్‌లో ఉన్నట్టే రాయాలి. మీకు సరైనదనిపించింది కాదు. అలాంటి సూచన లేకపోతే లాస్ట్ నేమ్ లేదా సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా రాయండి, పొడి అక్షరం వద్దు. ఫస్ట్ నేమ్ గడిలో మీ సొంత పేరు మొత్తం పెట్టొచ్చు. మిడిల్ నేమ్ తప్పనిసరి కాకపోతే ఖాళీగా వదిలేయండి. 'వెంకట'ను ఒక ఫారంలో మిడిల్ నేమ్‌లో, మరో ఫారంలో ఫస్ట్ నేమ్‌లో పెట్టకండి. ఒకసారి ఎలా విడగొట్టారో ఎప్పుడూ అలాగే విడగొట్టండి.

'మీకు మరో పేరు ఉందా?' అని అడిగితే?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో మీ మారుపేర్లు, పేరులో ఎప్పుడైనా ఏ భాగమైనా చేర్చారా, తీసేశారా అని అడుగుతారు. పాస్‌పోర్టు దరఖాస్తులోనూ ఇలాంటి ప్రశ్న ఉంది. చాలామంది భయపడి 'లేదు' అని రాస్తారు. ఏదో ఒక పత్రంలో నిజంగానే వేరే పేరు ఉంటే అది చెప్పండి. బాప్టిజం పేరు, పెళ్లికి ముందున్న ఇంటిపేరు, పాత స్పెల్లింగ్ ఏదైనా సరే. చెప్పిన తేడాకు ఆధారం అడుగుతారు, ఇస్తే సరిపోతుంది. చెప్పని తేడా బయటపడితే దాచారని అనుకుంటారు.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2024 జులై 31న యూపీఎస్సీ ఒక ప్రొబేషనరీ ఐఏఎస్ అధికారి అభ్యర్థిత్వాన్ని రద్దు చేసింది. అభ్యర్థి తన పేరునే కాక తల్లిదండ్రుల పేర్లను కూడా మార్చి రాయడం వల్ల ఎన్నిసార్లు పరీక్ష రాశారో తమ వ్యవస్థ పట్టుకోలేకపోయిందని కమిషన్ చెప్పింది. ఆ అభ్యర్థి ఆరోపణలను ఖండించారు. ఏదేమైనా, పేరులో తేడా కనిపిస్తే వెరిఫికేషన్ చేసేవారు ఎందుకు ఆగి చూస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

విదేశాలకు వెళ్లేవారికి

పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు భాగాలు ఉంటాయి. పొడి అక్షరంతో సహా పేరంతా ఒకే భాగంలో పెట్టి రెండోది ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టులు మన దగ్గర తక్కువేమీ కాదు. అలాంటి పాస్‌పోర్టుతో అమెరికా వీసా తీసుకుంటే, పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి గివెన్ నేమ్ దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు నుంచి ఉద్యోగ వెరిఫికేషన్ దాకా అదే మీ మొదటి పేరుగా వెంటపడుతుంది.

యూఏఈ 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవారిని విజిట్ వీసాపై అనుమతించబోమని చెప్పింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత వివరణ ఇచ్చింది. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే రోజే ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్‌లో ఉండేలా చూసుకుంటే ఈ తలనొప్పులు ఉండవు.

రిపోర్టు తప్పుగా వస్తే ఏం చేయాలి?

ముందు కంగారుపడి ఫోన్లు చేయకండి. మెయిల్ పెట్టండి, రికార్డుగా ఉంటుంది. ఏ అంశంలో, ఏ ఆధారంతో తేడా వచ్చిందో రాతపూర్వకంగా చెప్పమని హెచ్‌ఆర్‌ను అడగండి.

కోర్టు కేసు చూపిస్తే కేసు నంబరు, కోర్టు పేరు అడిగి తీసుకోండి. ఆ నంబరుతో ఈ-కోర్ట్స్‌లో మీరే చూడొచ్చు. అందులో తండ్రి పేరు, వయసు, ఊరు ఉంటే అవి మీవి కావని పక్కపక్కన పెట్టి చూపించండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, శాశ్వత చిరునామా, ఈ మూడింటిలో కనీసం రెండు కలవకుండా ఆ రికార్డును మీదిగా తీసుకోవద్దని కోరండి. చదువు విషయంలో తేడా వస్తే హాల్‌టికెట్ నంబరుతో మళ్లీ పరిశీలించమని అడగండి. డిజీలాకర్‌లో మీ మార్కుల జాబితా ఉంటే ఆ లింకు పంపండి.

వేరొకరి అప్పు మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తే చట్టం మీ వైపు గట్టిగానే ఉంది. క్రెడిట్ సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు ₹100 చొప్పున పరిహారం చెల్లించాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది.

ఉద్యోగ వెరిఫికేషన్ ఏజెన్సీల మీద మన దేశంలో ఇంత స్పష్టమైన గడువు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన వివరాల్లో తప్పులు సరిచేయించుకునే హక్కు ఇచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. అమలు మాత్రం దశలవారీగా జరుగుతుంది. అప్పటివరకు మీకు అండ మీ పత్రాలు, మీరు పెట్టిన మెయిళ్లే.

పిల్లల పేర్ల దగ్గర ఇప్పుడే జాగ్రత్తపడండి

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి పాస్‌పోర్టులో పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. స్కూల్ అడ్మిషన్, ఆధార్, ఓటరు జాబితా అన్నింటికీ అదే ఆధారం అవుతుంది. అంటే ఇప్పటిదాకా పదో తరగతి సర్టిఫికెట్ చేసిన పనిని రేపటి తరానికి జనన ధ్రువపత్రం చేస్తుంది. ఆసుపత్రిలో పేరు లేకుండా నమోదైతే 12 నెలల్లోపు ఉచితంగా, తర్వాత రుసుముతో 15 ఏళ్లలోపు పేరు చేర్పించవచ్చు. ఇంటిపేరు పూర్తిగా, మీరు ఎప్పటికీ ఉంచాలనుకున్న స్పెల్లింగ్‌తో రాసివ్వండి. నోటితో చెప్పి వదిలేయకండి.

బడికి వెళ్లే పిల్లలకు ఇస్తున్న అపార్ ఐడీకి కూడా స్కూల్ రికార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటే కావాలి. అది కుదరలేదని స్కూలు నుంచి కబురు వస్తే వాయిదా వేయకండి. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు దిద్దుకోవడానికి హెడ్మాస్టర్ గదికి వెళ్తే చాలు. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక అదే పనికి ఎన్ని ఆఫీసులు తిరగాలో పైన చదివారు.

ఈ రాత్రి చేయగలిగిన పని

ఇంట్లో ఉన్న పత్రాలన్నీ మంచం మీద పరచండి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పాస్‌పోర్టు, యూఏఎన్ వివరాలు. ఒక కాగితం మీద ఒక్కోదాంట్లో మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్నది ఉన్నట్టుగా, ఖాళీలతో సహా ఒకదాని కింద ఒకటి రాయండి. తేడా ఉన్నచోట ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి. తండ్రి పేరును వదిలేయకండి, ఇద్దరు కోటేశ్వరరావులను వేరుచేసేది అదే.

ఎర్ర గుండ్రాలు లేకపోతే ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఇకపై ప్రతి ఫారం దాన్ని చూసి నింపండి. ఉంటే ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు, పీఎఫ్, చివరగా పాస్‌పోర్టు వరుసలో దిద్దుకుంటూ వెళ్లండి. ఆఫర్ లెటర్ వచ్చాక వెరిఫికేషన్‌కు ఇచ్చే గడువు రోజుల్లో ఉంటుంది. ఈ దిద్దుబాట్లకు వారాలు పడుతుంది. అందుకే లెటర్ రాకముందే మొదలుపెట్టండి.